జనరల్ గారూ, లెక్క చెప్పండి!

"దేశరక్షణ సంగతి ఆడవాళ్ళకేం తెలుస్తుందమ్మా! మీరు కథలు రాసుకోండి" అని ఈమధ్య ఒక పెళ్ళిపందిట్లో ఒక పెద్దమనిషి నాకు సలహా ఇచ్చారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. తుపాకీ మాట అటుంచండి, ఎన్.సి.సి. బూట్లు కూడా తొడిగి ఎరగరు. కానీ ఆయనకు తెలుస్తుంది. ఎందుకంటే రోజూ రాత్రి తొమ్మిదింటికి హాల్లో కూర్చుని రిటైర్డు జనరళ్ళ మాటలు వింటారు. నాకు తెలియదు. ఎందుకంటే అవే మాటలు నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వింటాను! హాల్లోకి వచ్చిన యుద్ధతంత్రం గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చేసరికి ఎందుకు ఆవిరైపోతుందో ఆయన చెప్పలేదు.

అయినా, ఆడవాళ్ళకు తెలియదన్న మాట అన్నివేళలా అనరండోయ్. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జాతీయ రక్షణ నిధి అని పెట్టారు. ఊరూరా సభలు జరిగాయి. ఆడవాళ్ళు వేదిక ఎక్కి చేతి గాజులు, మెడలో గొలుసులు తీసి ఇచ్చారు. మన తెలుగుదేశంలోనూ ఎందరో ఇచ్చారు. ఆరోజు ఎవ్వరూ "మీకేం తెలుసమ్మా, గాజులుంచుకోండి" అనలేదు. కొడుకుల్ని పంపిన తల్లుల్నీ అనలేదు. ఇచ్చేటప్పుడు మనం వీరమాతలం. 'ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది?' అని అడిగితే మాత్రం కథలు రాసుకోవాల్సిన వాళ్ళం!

అందుకే ఈ వ్యాసం. సైనికాధికారుల అభిప్రాయాలను మనం వినాలి. శ్రద్ధగానే వినాలి. కానీ చేతులు కట్టుకుని వినక్కర్లేదు. పచారీకొట్టు చీటీ చూసినట్టు చూస్తూ వినాలి. ఎంత? ఎన్నాళ్ళు? ఎవరిస్తారు? తక్కువ పడితే ఏం చేస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పే ఆఫీసరు మాటకు ఎంత గౌరవమైనా ఇవ్వండి. జవాబు లేకుండా బల్లగుద్దే ఆఫీసరు ఛాతీమీద ఎన్ని పతకాలున్నా, ఆ పతకాలకు నమస్కారం పెట్టి మాటను పక్కన పెట్టండి. పతకం నిన్నటి ధైర్యానికి సాక్ష్యం. ఇవాళ్టి అభిప్రాయానికి పూచీ కాదు.

2025 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 22న పహల్గాంలో ఇరవై ఆరుగురిని కాల్చి చంపారు. అందులో మన విశాఖపట్నం మనిషీ, కావలి మనిషీ ఉన్నారు. భార్యల కళ్ళముందే భర్తల్ని చంపారు. ఆ కోపం న్యాయమైన కోపం. మే 7న మన సైన్యం దెబ్బ తీసింది. ఆ మర్నాటి నుంచీ టీవీ చూడాలి! కొన్ని ఛానెళ్ళు కరాచీ రేవు ధ్వంసమైపోయిందని ప్రకటించేశాయి. సైరన్ల మోతలు, బొమ్మల విమానాలు, వాటి మధ్య కోటు తొడుక్కున్న మాజీ అధికారులు "ఇంకా ముందుకు, ఇంకా ముందుకు" అంటూ... తెల్లారేసరికి కరాచీ రేవు ఎక్కడిదక్కడే ఉంది. దెబ్బ తిన్నది మాత్రం మన హైదరాబాదులోని కరాచీ బేకరీ! దేశవిభజనప్పుడు సర్వం పోగొట్టుకుని సింధు నుంచి వచ్చిన కుటుంబం 1953లో పెట్టుకున్న దుకాణం అది. దాని బోర్డుమీద పేరు చూసి శంషాబాద్ శాఖ మీదికి కర్రలతో వెళ్ళారు. యుద్ధతంత్రం హాల్లో విన్నవాళ్ళు చేసిన ఘనకార్యం అది.

మాజీ అధికారులందరూ అలా అరిచారని నేను అనను. ఆ రోజుల్లోనే కొందరు నెమ్మదిగా, పటం ముందు పెట్టుకుని, తెలిసింది చెప్పి తెలియనిది తెలియదన్నారు. కానీ అలాంటివారిని రెండోరోజు పిలవరు. సంతలో గట్టిగా అరిచినవాడి దగ్గరే జనం మూగుతారు. వంకాయలకైతే పరవాలేదు, పుచ్చు ఇంటికొచ్చాక పారేసుకోవచ్చు. యుద్ధానికి ఆ సౌకర్యం లేదు.

ఇంతకీ నిజంగా యుద్ధాలు చేసిన సేనానులు ఎలా మాట్లాడేవారు? అందరికీ తెలిసిన మీసమే తీసుకుందాం, మానెక్‌షా గారిది. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులు లక్షల మీద వచ్చిపడుతున్నారు. ఢిల్లీలో మంత్రివర్గ సమావేశం. ఇప్పుడే వెళ్ళి కొట్టండి అన్నారు. ఆయన కుదరదన్నారు. ఆయన చెప్పిన కారణాలు చూడండి. కొద్దిరోజుల్లో వానలు మొదలవుతాయి, ఆ దేశంలో నదులు సముద్రాలవుతాయి, దళాలు రోడ్డు దిగితే మునగడమే. హిమాలయాల్లో మంచు కరిగి కనుమలు తెరుచుకునే కాలం, చైనా అటునుంచి రావచ్చు. పంజాబులో గోధుమ కోతలు, సైన్యాన్ని తరలించడానికి రైళ్ళన్నీ నేను తీసుకుంటే ఆ ధాన్యం దేశానికి చేరేది ఎలాగ? ఇక నా టాంకుల్లో కదిలేవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఇప్పుడు వెళ్తే ఓడిపోతాం, అంతకీ కావాలంటే నా రాజీనామా తీసుకోండి.

ఇది ఆయన తరువాతి రోజుల్లో ఉపన్యాసాల్లో తానే చెప్పుకున్న కథ. కథ చెప్పడంలో ఆయన ఘటికుడు. అంత నాటకం జరగలేదనీ, ప్రభుత్వానికి కూడా అప్పుడే యుద్ధానికి దిగే ఉద్దేశం లేదనీ వాదించే చరిత్రకారులున్నారు. ఉండనివ్వండి. నాటకం తీసేసినా లెక్క మిగులుతుంది కదా! వాన, మంచు, కోతలు, రైళ్ళు, పనికొచ్చే బండ్లు. పెళ్ళి పెట్టుకునేముందు ఏ ఇల్లాలైనా వేసే లెక్క ఇదే. ముహూర్తం బాగుందని శ్రావణమాసంలో ఆరుబయట పందిరి వేయిస్తామా?

డిసెంబరు 3న యుద్ధం వచ్చింది. 16న ముగిసింది. పదమూడు రోజులు. సుమారు 93 వేలమంది బందీలు. మన విశాఖ తీరానికే ఆ మొదటి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' వచ్చి మునిగిపోయింది, బీచిరోడ్డు మీద దాని జ్ఞాపకంగా విజయస్తంభం ఉంది. వెళ్ళినప్పుడు ఐస్‌క్రీములతోపాటు దాన్నీ పిల్లలకు చూపిస్తాం, 'మనవాళ్ళు గెలిచార్రా' అంటాం. ఎనిమిది నెలలు ఆగారు కాబట్టి గెలిచార్రా అని ఎవరం చెప్పం. ఆ ఎనిమిది నెలల్లో ఏప్రిల్ నాటి హాలు వీరులు మానెక్‌షాను ఏమని ఉంటారో ఊహించుకోవచ్చు.

అదే మనుషులు అంతకు తొమ్మిదేళ్ళ ముందు ఒక సేనాని లెక్కను వినలేదు. జనరల్ తిమ్మయ్య కూర్గు మనిషి. కొరియా యుద్ధం తరువాత బందీల అప్పగింత సంఘానికి అధ్యక్షుడిగా ఉండి ప్రపంచమంతా మెచ్చుకున్న మనిషి. 1959 ఆగస్టు ఆఖర్న, రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో పడక, సైన్యాధిపతి పదవికి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ గారు బుజ్జగించి వెనక్కి తీసుకోమన్నారు. తీసుకున్నాక పార్లమెంటులో ఆయన్నే మందలించారు. ఇంటి పెద్దకోడలిని బతిమాలి పుట్టింటినుంచి తెచ్చి, నలుగురిలో చీవాట్లు పెట్టినట్టు! ఆ తరువాత తిమ్మయ్య గారి మాటకు ఏం విలువ ఉంటుంది?

1961లో రిటైరయ్యారు. 1962 జులైలో 'సెమినార్' అనే ఇంగ్లీషు పత్రికలో ఒక వ్యాసం రాశారు. సైనికుడిగా చెప్తున్నాను, మనం ఒంటరిగా చైనాతో బహిరంగ యుద్ధానికి దిగడం నా ఊహకు అందదు, ఆ సరిహద్దు భద్రతను రాజకీయ నాయకులూ రాయబారులూ చూసుకోవాల్సిందే అని ఆ వ్యాసం సారాంశం. ఒక సేనాని 'ఈ పని నావల్ల కాదు' అని రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. మనింట్లో మగవాళ్ళు ఫ్యాను బాగుచెయ్యడం రాదని ఒప్పుకోవడానికే రెండురోజులు పడుతుంది.

ఎవరు విన్నారు? అక్టోబరు 12న నెహ్రూ గారు సిలోను బయలుదేరుతూ, మన భూమిని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామని విలేకరులతో అనేశారు. 20న చైనా విరుచుకుపడింది. అప్పుడు ఆ ప్రాంతపు సేనలకు అధిపతి జనరల్ కౌల్. పెద్దల ప్రాపకం ఉన్నవాడు. కుదరదు అనే మాట అలవాటు లేనివాడు. ఆయనకు జబ్బుచేసి ఢిల్లీ వచ్చేశారు. వచ్చి కొద్దిరోజులు తన పడగ్గదిలో మంచంమీద నుంచే అక్కడి యుద్ధానికి ఆజ్ఞలిచ్చారు. నేను కథలో ఇలాంటి సన్నివేశం రాస్తే సంపాదకుడు 'అతిశయోక్తి' అని కొట్టేస్తాడు.

అక్కడ కొండమీద జవాన్లు పద్నాలుగు వేల అడుగులకు పైన నూలుబట్టలతో, కాన్వాసు బూట్లతో నిలబడ్డారు. వాళ్ళ బ్రిగేడ్ అధిపతి దాల్వీ గారు పట్టుబడి ఏడునెలలు చైనా చెరలో ఉన్నారు. తిరిగివచ్చి 1969లో ఒక పుస్తకం రాశారు. ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం ఇవ్వలేదు అన్న చిట్టా అది. ఓటమికి కారణాలు విచారించి హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు అధికారులు 1963లో ఒక నివేదిక కూడా ఇచ్చారు. దాన్ని ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా సరే, దశాబ్దాల తరబడి బీరువాలో పెట్టి తాళం వేశాయి. మా అమ్మమ్మ తరం గాజులు తీసి ఇచ్చింది. ఆ గాజులు ఎందుకు తీయాల్సి వచ్చిందో ఆ నివేదికలో ఉంది. రసీదు మాత్రం బీరువాలో ఉంది.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. 'అయితే సేనానుల మాటే వేదమంటావా? రాజకీయ నాయకులు తప్పుకోవాలంటావా?' అని. అయ్యో, ససేమిరా అనను. పొరుగింట్లో ఆ ముచ్చట చూశాం కదా. 1958లో అయూబ్‌ఖాన్, 1977లో జియా, 1999లో ముషారఫ్. దేశభద్రత మాకే తెలుసన్న సేనానులు అక్కడ ఇల్లే స్వాధీనం చేసుకున్నారు. కార్గిల్ ఆలోచన నలుగురు జనరళ్ళ గదిలో పుట్టింది. ఆ సంగతి చెప్పింది మనవాళ్ళు కాదు. వాళ్ళ సైన్యంలోనే పెద్ద హోదాలో పనిచేసిన షాహిద్ అజీజ్ 2013లో బహిరంగంగా రాశాడు, అది నలుగురి ఆట, మిగతావాళ్ళకు తెలియనే తెలియదని. ఆ నలుగురి ఆటకు మన వైపు 527 మంది ప్రాణాలిచ్చారు. అటువైపు చచ్చిపోయిన కుర్రవాళ్ళు మా సైనికులే అని కూడా చాలాకాలం వాళ్ళ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ తల్లుల గతి ఏమిటో!

మన దగ్గర, సర్వీసులో ఉన్న ఆఫీసరు అనుమతి లేకుండా పత్రికలకెక్కకూడదని నిబంధన ఉంది. మంచి నిబంధనే. ఎవరైనా మార్చమంటే నేను ఒప్పుకోను. మూసిన తలుపుల వెనక అతను నిర్భయంగా మాట్లాడాలి, బయట నోరు కట్టుకోవాలి. అంతవరకూ సరే.

మన జనరళ్ళు లెక్క తప్పిన సందర్భాలూ ఉన్నాయి. 1987లో మన సైన్యం శ్రీలంక వెళ్ళింది, శాంతిసేన అన్నారు. పులులతో తగవు పెరిగితే వాళ్ళను లొంగదీయడం కొద్దివారాల పని అని అప్పటి సైన్యాధిపతి సుందర్జీ గారు భరోసా ఇచ్చినట్టు, కొలంబోలో మన హైకమిషనర్‌గా ఉన్న దీక్షిత్ గారు తరువాత తన పుస్తకంలో రాశారు. సుందర్జీ సామాన్యుడు కాడు, బాగా చదువుకున్న మేధావి. అయినా ఆ కొద్దివారాలు 1990 మార్చిదాకా సాగాయి. దాదాపు పన్నెండు వందలమంది మనవాళ్ళు తిరిగి రాలేదు. తెలివైనవాడి అంచనాకు కూడా చీటీ అడగాల్సిందే అని అందుకే అంటున్నాను.

'డాక్టరు చెప్తే వింటావు, ఇంజనీరు చెప్తే వింటావు, సైనిక నిపుణుడు చెప్తే ప్రశ్నలా?' అంటారు. నిపుణుల అభిప్రాయం సంగతి నిజంగా తేల్చుకోవాలంటే, మన ఆడవాళ్ళ విషయంలోనే వాళ్ళు ఏమన్నారో చూద్దాం. ఇందులో సాక్ష్యాలన్నీ కోర్టు కాగితాల మీదున్నాయి.

డాక్టర్లూ నర్సులూ కాకుండా ఇతర శాఖల్లో స్త్రీలను ఆఫీసర్లుగా సైన్యంలోకి 1992 నుంచీ తీసుకున్నారు. తీసుకున్నారు గానీ కొన్నేళ్ళకే ఇంటికి పంపే పద్ధతి. మగ ఆఫీసరుకిచ్చే పర్మనెంట్ కమిషన్ ఇవ్వరు. పింఛను వచ్చే ఏళ్ళు నిండకముందే చాలామంది సంచీ సర్దుకోవాలి. ఢిల్లీ హైకోర్టు 2010లో 'ఇవ్వండి' అంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. పదేళ్ళు గడిచాయి. ఆ పదేళ్ళలో ఎందరు ఆడపిల్లల కెరీర్లు ముగిసిపోయాయో! చివరికి సుప్రీంకోర్టులో సైన్యం తరఫున పెట్టిన వాదన ఏమిటో తెలుసా? మన జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఆడ ఆఫీసరు ఆజ్ఞ పాటించడానికి వాళ్ళ మనసులు ఇంకా సిద్ధంగా లేవు. అదీకాక కాన్పులు, పిల్లలు, శరీరబలం, వగైరా.

చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పల్లెటూరి కుర్రవాడు ఆడదాని ఆజ్ఞ పాటించడా? వాడు పుట్టిన దగ్గర్నుంచీ పాటించింది ఎవరి ఆజ్ఞలనుకున్నారు? పొద్దున్నే లేపింది ఎవరు, బడికి తరిమింది ఎవరు, తండ్రి చెయ్యి చాలించుకుంటే పొలం చేయించి ఇల్లు నడిపింది ఎవరు? ఢిల్లీలో ఏ.సి. గదిలో కూర్చున్న ఆఫీసర్లు తమ మనసులోని బెరుకును పాపం పల్లెటూరి జవాను నెత్తిన రుద్దారు. 2018 డిసెంబరులో అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ గారు కూడా ఒక ఇంటర్వ్యూలో, స్త్రీలను ముందువరుస పోరాటానికి పంపడానికి ఇంకా సమయం రాలేదన్నారు. ప్రసవ సెలవులన్నారు. గుడారంలో బట్టలు మార్చుకుంటుంటే ఎవరో తొంగిచూశారంటారు అన్నారు. తొంగిచూసినవాణ్ణి శిక్షించడం తేలికా, ఆడవాళ్ళందర్నీ ఇంటికి పంపడం తేలికా? నిపుణుల అభిప్రాయం రెండోదే తేలికని!

2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదనలన్నీ తోసిపుచ్చింది. ఇవి ఆడా మగా గురించిన పాతకాలపు ఊహలే తప్ప కారణాలు కావంది. స్త్రీ ఆఫీసర్లు చేసిన పనుల జాబితా ఒకటి తీర్పులోనే రాసింది. ఆ జాబితాలో సోఫియా ఖురేషీ అనే పేరుంది. 2016లో పుణెలో పద్దెనిమిది దేశాల సైన్యాల విన్యాసం జరిగితే మన జట్టుకు నాయకత్వం వహించిన ఆఫీసరు. ఆ దేశాల జట్లకు నాయకుల్లో ఆవిడొక్కతే ఆడది. మళ్ళీ ఆ పేరు మీరెప్పుడు విన్నారు? 2025 మే 7 పొద్దున్న! దాడి ఎందుకు చేశామో, ఎక్కడ చేశామో ప్రపంచానికి చెప్పాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం ముందు నిలబెట్టింది కల్నల్ సోఫియా ఖురేషీనీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్‌నీ. అయిదేళ్ళ క్రితం ఏ ఆడ ఆఫీసర్ల మాట జవాన్లు వినరన్నారో, ఆ ఆడ ఆఫీసర్ల మాటను దేశమంతా టీవీల ముందు కదలకుండా విన్నది. ఆ నెలలోనే, మే 30న, నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి మొట్టమొదటిసారిగా పదిహేడుమంది అమ్మాయిలు శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. అకాడమీ తలుపు తీసింది కూడా 2021లో కోర్టే. నిపుణులు తీయలేదు.

ఒక్క మినహాయింపు చెప్పకపోతే పాపం తగులుతుంది. నౌకాదళంలోకి స్త్రీలు 1992లో వచ్చినప్పుడు దాని అధిపతి అడ్మిరల్ రాందాస్. 1971 యుద్ధంలో తూర్పు సముద్రంలో యుద్ధనౌక నడిపి వీరచక్ర అందుకున్నారు. అలాంటి మనిషి రిటైరయ్యాక ఏం చేశారు? పాకిస్తాన్ ప్రజలతో మాట్లాడాలన్నారు. 1998 అణుపరీక్షలను కాదన్నారు. అణుబాంబు భద్రత ఇవ్వదు, భయం ఇస్తుందన్నారు. 2004లో పాకిస్తాన్‌కు చెందిన ఐ.ఏ. రెహమాన్‌తో కలిపి మెగసెసే బహుమతి ఇచ్చారు. మన దగ్గర మాత్రం ఆయన్ను దేశభక్తి తక్కువైన మనిషన్నారు. 2024 మార్చిలో మన హైదరాబాదులోనే కన్నుమూశారు. వీరచక్ర ఉన్నవాణ్ణి పిరికివాడంటారు, సోఫామీద కూర్చున్నవాళ్ళు!

యుద్ధం చూసినవాళ్ళకే యుద్ధం ఖరీదు తెలుస్తుందనడానికి అమెరికాలోనూ సాక్ష్యముంది. ఐసెన్‌హోవర్ కంటే పెద్ద సేనాని ఎవరు? హిట్లర్ మీద ఐరోపాలో మిత్రసేనల్ని నడిపించినవాడు. అధ్యక్షుడైన మొదటి ఏడాదే, 1953 ఏప్రిల్‌లో, ఒక ఉపన్యాసంలో అచ్చం ఇల్లాలి లెక్కే చెప్పాడు. ఒక్క బాంబరు విమానం ఖరీదుతో ముప్పైకి పైగా ఊళ్ళలో ఊరికొక ఇటుకల బడి కట్టొచ్చని. దిగిపోయేముందు, 1961 జనవరిలో, ఆయుధాల కర్మాగారాలకూ సైన్యానికీ మధ్య పెరుగుతున్న చుట్టరికాన్ని ఓ కంట కనిపెట్టమని జనానికి చెప్పి మరీ వెళ్ళాడు. ఆ చుట్టరికం అన్ని దేశాల్లోనూ ఉంటుంది. టీవీలో ఫలానా విమానం కొనాలని పట్టుబట్టే మాజీ అధికారిని, ఆ కంపెనీతో మీకేమైనా సంబంధం ఉందా అని ముందే అడిగి తెరమీద రాస్తే ఎంత బాగుండును! పెళ్ళిసంబంధం తెచ్చినవాడిని 'వాళ్ళు మీకేమవుతారు?' అని అడగమూ?

ఆయుధాలు వద్దని నేననడం లేదు. మన తెలుగువాడైన కృష్ణారావు గారు 1981 నుంచి 83 దాకా సైన్యాధిపతిగా చేసి, తరువాత రాసిన పుస్తకానికి 'సిద్ధపడు లేదా నశించు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. సిద్ధపడవద్దని ఎవరంటారు? 1962 చూశాక ఎలా అంటారు? సిద్ధపడడమంటే మంచు బూట్లు ముందే కొనడం. సిద్ధంగా లేనప్పుడు లేమని ఒప్పుకోవడం. తప్పు జరిగితే ఏం జరిగిందో చెప్పడం.

ఆ చెప్పడం సంగతి చూడండి. 2025 మే యుద్ధంలో మన విమానాలేమైనా పోయాయా అని మూడువారాలు దేశంలో ఎవరడిగినా దేశద్రోహమన్నట్టు చూశారు. మే 31న త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ సింగపూర్ వెళ్ళారు. అక్కడ ఒక విదేశీ టీవీవారు అడిగితే, పోయాయని ఒప్పుకున్నారు. ఎన్ని అన్నది ముఖ్యం కాదు, ఎందుకు పోయాయన్నది ముఖ్యం, పొరపాటు గుర్తించి సరిచేసుకుని రెండురోజుల్లో మళ్ళీ వెళ్ళాం అన్నారు. ఎంత నిండైన జవాబు! దేశానికి ఏ అపాయమూ రాలేదు ఆ మాటవల్ల. పైగా గౌరవం పెరిగింది. ఇదే మాట ఢిల్లీలో, మన పార్లమెంటులో, మన భాషల్లో ముందే చెప్తే వినడానికి మనం పనికిరామా? ఇంట్లో జరిగిన సంగతి వీధి చివరి ఇంటావిడ చెప్తే తెలుసుకున్నట్టయింది మన బతుకు.

ఇక మన ఇళ్ళలోకి నేరుగా వచ్చిన విషయం అగ్నిపథ్. 2022 జూన్ 14న ప్రకటించారు. కుర్రవాళ్ళను నాలుగేళ్ళకు తీసుకుని, నూటికి ఇరవై అయిదుగురిని ఉంచుకుని తక్కినవాళ్ళను పంపేస్తారు. మూడోరోజున సికింద్రాబాదు స్టేషన్లో రైలుపెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్లు వైపు కుర్రవాడొకడు చనిపోయాడు. రైళ్ళు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఏళ్ళ తరబడి తెల్లవారుజామున మైదానంలో పరుగెత్తిన పిల్లవాడి గుండె మంట ఎలాంటిదో ఊహించగలను. ప్రభుత్వం చెప్పిన కారణం సైన్యాన్ని యువకులతో నింపడం. చెప్పని కారణం లెక్కలో ఉంది. 2025-26 బడ్జెట్లో రక్షణకు 6 లక్షల 81 వేల కోట్లయితే, అందులో పింఛన్లే లక్షా 60 వేల కోట్లు. అది దాచుకోవాల్సిన కారణమేం కాదు, చర్చించాల్సిన కారణం.

మరి సేనానులేమన్నారు? రిటైరైనవాళ్ళలో చాలామంది వద్దన్నారు, కొందరు బాగుందన్నారు. అప్పుడే సైన్యాధిపతిగా దిగిపోయిన జనరల్ నరవణె తన జ్ఞాపకాలు రాశారు. 2023 డిసెంబరులో పత్రికల్లో వచ్చిన భాగాల ప్రకారం, నూటికి డెబ్భై అయిదుగురిని ఉంచుకుని ఇరవై అయిదుగురిని పంపాలన్నది ఆయన అనుకున్నది. అమల్లోకి వచ్చింది సరిగ్గా తిరగేసి! 2024 జనవరిలో బజారుకు రావాల్సిన ఆ పుస్తకం అనుమతి పరిశీలన పేరుతో ఆగిపోయింది. అరిచే జనరల్ మాటకు ప్రతిరాత్రీ మైకు దొరుకుతుంది. లెక్క చెప్పిన జనరల్ పుస్తకానికి అచ్చయ్యే యోగం పట్టలేదు.

2025 మే నెలలోనే నియంత్రణరేఖ దగ్గర మన సత్యసాయి జిల్లా తండాకు చెందిన జవాను ఒకడు చనిపోయాడు. అగ్నివీరుడు. తల్లిదండ్రులకు వాడొక్కడే. నాయకులు వెళ్ళారు, పూలు చల్లారు, జెండా కప్పారు. పాతపద్ధతిలో చేరిన జవాను అదే చోట, అదే గుండుకు చనిపోతే అతని కుటుంబానికి జీవితాంతం పింఛను వస్తుంది. అగ్నివీరుడి కుటుంబానికి బీమా డబ్బూ ఏకమొత్తపు సాయమూ వస్తాయి, ఆ పింఛను రాదు. గుండు మనిషిని చూసి తేడా చేయలేదు, కాగితం చేసింది. ఆ తల్లి ఊరుకోలేదు. నా కొడుక్కూ మిగతా జవాన్లకూ ఈ తేడా ఏమిటని బొంబాయి హైకోర్టులో పిటిషన్ వేయించింది. దేశరక్షణ గురించి ఆడవాళ్ళకేం తెలుసు అన్న పెద్దమనుషులు ఆ పిటిషన్ తెప్పించుకుని ఒకసారి చదవాలి.